పాలమ్మ రాయి కింద

మూడో చెంబు కూడా పోశారు. పొట్టేలు కదల్లేదు. పసుపు కలిపిన నీళ్ళు వెన్ను మీద రెండుగా చీలి, పొట్ట కిందికి జారి, బొట్టు బొట్టుగా ఎర్రమట్టిలో పడి ఇంకిపోతున్నాయి. ఒంటి మీద నీళ్ళు పడితే ఏ గొర్రె అయినా చెవులు టపటపలాడించి ఒళ్ళు జాడిస్తుంది. అందులో దేవుడి ప్రమేయం ఏమీ లేదు, చెవిలోకి తడి పోతే దానికి చిరాకు, అంతే. యాభై ఏళ్ళు గొర్రెల వెనక నడిచిన లక్ష్మీనరసమ్మకు ఈ సంగతి తెలిసినంత బాగా ఆ గుట్ట మీద చేరిన వాళ్ళలో ఎవరికీ తెలియదు. తెలిసి కూడా ఆమె తుమ్మచెట్టు నీడలో కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని, జాడించొద్దు నాయనా, జాడించొద్దు అని ఆ పొట్టేలునే వేడుకుంటోంది. జాడిస్తే పాలమ్మ కదలడానికి ఒప్పుకున్నట్టు. పాలమ్మ ఒప్పుకుంటే ఆమె కొడుకు గోపి గడపార అందుకుంటాడు. గడపార రాయి కిందికి దిగితే, ముప్ఫై తొమ్మిదేళ్ళుగా ఆ రాయి కింద పడుకుని ఉన్న ఆమె కూతురు బయటపడుతుంది.

కదిలించక తప్పదు, అదీ తెలుసు. జమ్మలమడుగు నుంచి పులివెందులకు పోయే రోడ్డును వెడల్పు చేస్తున్నారు, గుట్ట మూల కోసేయాలి, పాలమ్మ సరిగ్గా ఆ మూల మీదే ఉంది. మోకాలెత్తు నల్లరాయి, పసుపూ కుంకుమా పొరలు పొరలుగా పట్టి రాయి ఎంతో పూత ఎంతో తెలియకుండా పోయిన రాయి. రోడ్డు వేసే మనిషి మర్యాదస్తుడు, సోమవారం దాకా జేసీబీ ఈ దిక్కు రాదు, ఆలోపల మీ దేవతను మీరే తీసుకుపొండి అన్నాడు. ఊరి మొగదల సిమెంటు గుడి లేచింది, లోపల టైల్స్ కూడా పరిచారు. ఇవాళ ఆదివారం. పొట్టేలు జాడిస్తే ఇవాళ కొడుకు గడపార, జాడించకపోతే రేపు జేసీబీ పళ్ళు. జేసీబీ అయితే ఎవరికీ ఏమీ కనపడదు, మట్టితో పాటు ఎత్తి లారీలో పోసేస్తుంది, తన గుట్టు నిలుస్తుంది, బిడ్డ మాత్రం ఏ రోడ్డు కిందికో పోతుంది. గడపార అయితే బిడ్డ దక్కుతుంది, కానీ ఊరంతా చుట్టూ నిలబడి, మాచేత ఇన్నాళ్ళూ పీనుగకు మొక్కించినావా అని అడుగుతుంది. ఇంత ఆలోచించి కూడా చివరికి పిరికిదానిలా జాడించొద్దనే కోరుకుంటోంది, కోరుకుంటున్నందుకు తనను తాను తిట్టుకుంటోంది కూడా.

ఆ రోజూ ఇంతే ఎండ. కేసీ కాలవ కింది పొలాల్లో మంద నిలిపి తిరిగి వస్తున్నారు, ఆమె, మొగుడు చిన్నసుబ్బయ్య, నూట నలభై గొర్రెలు. ఆమెకు అప్పుడు ఎనిమిదో నెల. గుట్ట దగ్గరికి వచ్చేసరికి నడుములో ఏదో తెగినట్టయింది, ఇంటికి ఇంకా ఒకపూట నడక, నడిచేద్దాం అనుకుంది, కాళ్ళు వినలేదు. ఎన్ని గొర్రెల కాన్పులకు పక్కన కూర్చుందో లెక్కలేదు, తన కాన్పుకు గొర్రెలు పక్కన నిలబడ్డాయి, మేత మానేసి, అన్నీ ఒకే వైపు తిరిగి. ఆడపిల్ల. ఏడ్చింది కూడా, బాగానే ఏడ్చింది, గుప్పిట్లో ఆమె వేలు పట్టుకుంది, ఆ పట్టు ఇప్పటికీ కుడిచేతి చూపుడువేలికి అప్పుడప్పుడూ తగులుతుంది, చెబితే పిచ్చి అంటారు. పొద్దు వాలేసరికి ఏడుపు సన్నబడింది, ఈనినపుడు తల్లి నాకని గొర్రెపిల్ల చేసే చప్పుడంతై, ఆగిపోయింది. పళ్ళు రాని బిడ్డ పోతే ఏడవకూడదు, పేరు పెట్టకూడదు, పోయిన చోటే మట్టిలో పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి, వాళ్ళ ఇళ్ళలో పద్ధతి అది. చిన్నసుబ్బయ్య గొడ్డలి మొనతో గుంత తీశాడు. ఆమె కళ్ళు మూసుకుంది. ఊళ్ళో మాత్రం, దారిలో కడుపు జారిపోయిందని చెప్పారు, బతికిందని చెప్పలేదు, ఒక పగలంతా బతికిందని చెబితే ఏ పేరుతో పిలిచారని అడుగుతారు గదా.

పాలు మూడో రోజు పడ్డాయి. నడవలేక ఇంకా గుట్ట దగ్గరే ఉన్నారు. రొమ్ములు గట్టిపడి, జ్వరం వచ్చి, తెల్లవారుజామున లేచి ఒంటరిగా పోయింది. బిడ్డ పోయిన తల్లి పాలు కాళ్ళు తొక్కే చోట పిండకూడదని చిన్నప్పుడు విన్న మాట. గుట్ట మీద గొర్రెల కాళ్ళు తొక్కని చోటు ఎక్కడుంది? రాయి ఉంది. రాయి మీదికి వంగి, పళ్ళు కరచుకుని, పిండుకుంది. మర్నాడు వెళ్ళిపోయారు. ఆ మర్నాడు ఇంకో మంద వెంట అదే దారిన వచ్చిన నాగమ్మ రాయి మీద ఎండిన పాలచారలు చూసింది, చారల వెంట చీమల బారు చూసింది, ఎవరో గొర్రెలవాళ్ళు ఈనిన గొర్రె తొలిపాలు ఇక్కడి అమ్మవారికి పోసి పోయారనుకుంది. గొర్రెలు మేపేవాళ్ళు తప్ప ఇంకెవరూ అలా అనుకోరు. తనూ ఒక గొర్రెను పట్టి నాలుగు ధారలు పిండి దండం పెట్టుకుంది. ఆ ఏడు నాగమ్మ మందలో సగం గొర్రెలు జంటపిల్లల్ని వేశాయి. ఇంకేం కావాలి, ఊరికి దేవత దొరికింది. "మొట్టమొదట జూసింది నేనేమ్మే" అని నాగమ్మ ముప్ఫై తొమ్మిదేళ్ళుగా చెబుతూనే ఉంది, లక్ష్మీనరసమ్మ ఊ కొడుతూనే ఉంది. మొదటి ఏడాదే నిజం చెప్పి ఉంటే నవ్వుకుని ఊరుకునేవాళ్ళు. రెండో ఏడు జాతర పెట్టారు. ఐదో ఏటికి పుట్టిన పిల్లలకు పాలమ్మ, పాలయ్య అని పేర్లు పెట్టడం మొదలైంది. ఇంక ఏ నోటితో చెప్పేది?

"యాల గోపీ దాన్ని అట్ల ఏపుకతింటాండావు" అన్న గొంతు ఆమెను మళ్ళీ ఎండలోకి లాక్కొచ్చింది. నూర్ అహ్మద్. జమ్మలమడుగు నుంచి కత్తుల సంచీతో వచ్చాడు, అతని చేత్తో తెగితేనే ఆ మాంసం ఊళ్ళో అన్ని ఇళ్ళవాళ్ళూ తింటారు, వాళ్ళ నాయన కాలం నుంచీ అదే వాడుక. "నీళ్ళు ఉడుకుడుగ్గా ఉండాయి. గొర్రెకు తానం జేపిచ్చినట్టుండాది గానీ అడిగినట్టు యాడుండాది? ఆటోలో కూలింగ్ క్యాను ఉండాది గదప్పా, అవి పొయ్యండి, అదే జాడిస్తాది." నలుగురు నవ్వారు. లక్ష్మీనరసమ్మ కూడా నవ్వబోయి ఆగింది. క్యాను వచ్చింది. ఐసుముక్కలు తేలే నీళ్ళు, చెవుల మధ్య నుంచి తోక దాకా, కుండపోతగా. మనిషైతే గావుకేక పెట్టేవాడు. పొట్టేలు నిలబడే ఉంది. కనురెప్ప కూడా వేయలేదు. నూర్ అహ్మద్ నవ్వుకుంటూనే దగ్గరికి పోయి దాని చెవి పట్టుకున్నాడు. పట్టుకున్న చేతిని వెంటనే తీసేసి, లుంగీకి రెండు వైపులా తుడుచుకుని, ఆమె దగ్గరకొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, ఐసునీళ్ళకు ముందు గూడా తాకినా నేను. అప్పుడూ ఇట్లే సల్లగా ఉండాది. కోసినంక గంటకు ఉంటాదే చెవి, ఆ మాదిరి." ఇరవై ఏళ్ళలో వేల గొర్రెలు కోసిన మనిషి. కత్తుల సంచీ మూతి తాడు బిగించి, ఆటో వైపు పోయి కూర్చున్నాడు.

గాలి లేదు. రోడ్డు మీద లారీల చప్పుడు పొద్దున్నుంచీ ఉంది, ఎప్పుడు ఆగిందో గమనించలేదు. గుట్ట వాలులో గోపి మంద, రెండు వందల గొర్రెలు, మేయడం లేదు. ఎండకు తలలు ఒకదాని పొట్ట కింద ఒకటి పెట్టుకుని ముద్దగా నిలబడాల్సినవి, తలలు ఎత్తి, అన్నీ ఇటే చూస్తున్నాయి. ఆమెకు చూపుడువేలు సలిపింది. కొంగుతో చుట్టుకుంది.

కోడలు ప్రసూన కొంచెం దూరంలో గొడుగు కింద కూర్చుని ఉంది, ఏడో నెల కడుపు మీద చేయి వేసుకుని, పెదాలు కదిలిస్తూ. దండకం కాదు, ఆ పిల్లకు దండకాలు రావు, రమ్మని పాలమ్మను బతిమాలుకుంటోంది అంతే. ఎనిమిదేళ్ళు బిడ్డలు లేక, ప్రొద్దుటూరులో ఎన్ని ఆసుపత్రులు తిరగాలో అన్నీ తిరిగి, చివరికి పోయిన ఏడు ఈ రాయి మీద పాలు పోసి మొక్కుకుంది. ఆ పాలు గిన్నెలో పట్టి ఇచ్చింది లక్ష్మీనరసమ్మే, సగం ఒలకబోసి, ఎండకు కళ్ళు తిరిగాయని చెప్పింది. ఈ పిల్ల ముందు గడపార దిగి చిన్న పుర్రె లేస్తే? అత్త కూతురి గోరీకి మొక్కి కడుపు తెచ్చుకున్నానని తెలిస్తే ఆ పిల్ల ఎలా నిద్రపోతుంది? ప్రసూన చదువుకున్నది, గ్రూప్ టూ పరీక్షకని ప్రొద్దుటూరులో కోచింగ్ తీసుకుంది, ఇంట్లో పైకి చదువుతుంది. ఒకరోజు అలాగే చదివింది, ప్రపంచంలో అన్నిటికన్నా పాత మతం ఏది, కింద నాలుగు జవాబులు. "బుక్కులో ఒకటి టిక్కు పెట్టినారత్తా, మా సారు మాత్రం మార్కుల కోసం అదే రాయండి, నిజం ఎవురికీ తెలీదు అంటాడు. శానా శానా కాలం ముందు ఎవురో చచ్చిపోయినోళ్ళను ఊరికే పారెయ్యకుండా పూడ్చి, పైన గుర్తు పెట్టినారంట. ఆడ మొదలైందంట." బియ్యం ఏరుతున్న లక్ష్మీనరసమ్మ చేట ఆపింది. "మొదులుపెట్టింది ఎవురంట?" "అదెట్ల తెలుస్తాదత్తా, పేర్లు ఉండవు గదా." పేర్లు ఉండవు గదా. ఆ మాట పట్టుకుని ఆమె చాలా రోజులు తిరిగింది. ప్రసూన సారు గడ్డం ఉన్న ముసలి మునినెవరినో ఊహించుకుని ఉంటాడు, మగవాడు గదా. ఆమెకు మాత్రం ఖచ్చితంగా తెలిసిపోయింది, అది ఆడది, పచ్చి బాలింత, రొమ్ములు సలుపుతుంటే ఎక్కడ పిండాలో తెలియక తిరిగిన మనిషి. తర్వాత వచ్చినవాళ్ళు పొరపాటు పడ్డారు. ఆ మనిషి నోరు విప్పలేదు. ఇంతే గదా జరిగి ఉంటుంది, ఇంతకన్నా ఏముంటుంది, అని చేటలో రాయి ఏరి పారేస్తూ నవ్వుకుంది, నవ్వుకున్నందుకు ఆ రాత్రి జ్వరం వచ్చింది.

ఒక్కటే లెక్కకు రాదు. నాలుగేళ్ళ కింద చిన్నసుబ్బయ్య ప్రొద్దుటూరు ఆసుపత్రిలో మంచం మీద ఉన్నపుడు, మాట పోకముందు, ఫ్యాను వైపు చూస్తూ అడిగాడు. ముప్ఫై అయిదేళ్ళలో ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తని మనిషి. "నరసా, ఆ రాయి యాడినుంచి దొర్లిచ్చకచ్చినావే? పచ్చి బాలింతవు, అంత బరువు ఎట్ల మోసినావు?" ఆమెకు అర్థం కాలేదు. "నేనెందుకు తెస్తా? నువ్వే గదా పెట్టింది, నక్కలు తవ్వకుండా." ఆయన మెల్లగా తల తిప్పి ఆమె ముఖం చూశాడు. "నేను మట్టి గప్పి పొయ్యి గొర్రెల దాంట్లో పండుకున్న్యా. తెల్లారి చూస్తే నిలబడి ఉండాది. నువ్వు పెట్టినావనుకున్న్యా." నర్సు వచ్చి సెలైను మార్చి పోయింది. వారానికి ఆయన పోయాడు, అడగడానికి ఇంకెవరూ మిగల్లేదు. అప్పటి నుంచి జాతరకు వచ్చినప్పుడల్లా ఆమె ఆ రాయిని మొగుడు పెట్టిన రాయి అని అనుకోలేక, తను పెట్టిన రాయి అనుకోలేక, దూరంగానే కూర్చుంటోంది.

"వదినా." నాగమ్మ. డెబ్బై దాటింది, పాలమ్మ ముందు ఏ మాటైనా ఆమెదే. చెంబు కింద పెట్టి, చేయి కళ్ళకు అడ్డం పెట్టుకుని అందరి ముఖాలూ వరసగా చూసి, లక్ష్మీనరసమ్మ దగ్గర ఆగింది. "అమ్మ ఊరికే ఉండాదంటే, అడగాల్సినోళ్ళు అడగల్యా. పొద్దుట్నుంచి నువ్వొక్కదానివే అమ్మ దగ్గిరికి రాల్యా. రా." అందులో అనుమానం ఏమీ లేదు, ముసలామె అందరినీ ఒక్కొక్కరిగా పిలుస్తోంది, అంతే. అయినా లక్ష్మీనరసమ్మ లేవలేదు. గోపి వచ్చి చేయి పట్టుకుని లేపాడు. "రామ్మా, శానా సేపాయె. నువ్వొకమాట చెప్పు." కొడుకు అరచేయి చెమటతో తడిసి ఉంది. వీడికి ఒక అక్క ఉంది, వీడికి తెలియదు. ఆ ఒక్క ముక్క ఇంత దగ్గరగా తట్టడం ఆమెకు ఇదే మొదటిసారి.

పొట్టేలు పక్కన నిలబడింది. తడి ఉన్ని వాసన రాలేదు, ఏ వాసనా రాలేదు. ఎదురుగా పాలమ్మ. ఇన్నేళ్ళూ దూరం నుంచి చూసిన రాయి దగ్గర నుంచి చిన్నదిగా ఉంది. జాడించొద్దని చెప్పాలనే వచ్చింది, నిజంగా అదే చెప్పాలని. నోరు తెరిచేసరికి వేరే మాట వచ్చింది. ఆ బిడ్డ ఇల్లు చూడలేదు. ఉయ్యాల చూడలేదు, గడప దాటలేదు, ఎవరి ఒళ్ళోకీ మారలేదు. పుట్టిన చోటే ఉండిపోయింది, ఎండకు, వానకు, జాతర డప్పులకు. తల్లి ఊళ్ళో ఉంది, ఒక్కసారి కూడా పోదాం రమ్మని పిలవలేదు. లక్ష్మీనరసమ్మ ఎవరికీ వినపడకుండా, రాయితోనో గొర్రెతోనో తనకే తెలియకుండా, "ఇంటికి పోదాం పా తల్లీ" అంది.

పొట్టేలు జాడించింది. ముక్కు నుంచి తోక దాకా, నీటి తుంపర ఎగిరి ఆమె ముఖం మీద పడేట్టు జాడించింది. జనం గుక్కపట్టి కేక వేయబోయారు, ఆ కేక గొంతుల్లోనే ఉండిపోయింది. ఎందుకంటే వాలులో మంద, నీళ్ళ చుక్క సోకని రెండు వందల గొర్రెలు, అదే క్షణంలో, ఒక్కసారిగా ఒళ్ళు జాడించాయి. అన్ని చెవులు ఒకేసారి కొట్టుకున్న చప్పుడు గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. ఆ తర్వాత మంద తలలు వంచి మేత మొదలుపెట్టింది, రోడ్డు మీద లారీ హారన్ వినపడింది. ఆటోలో నూర్ అహ్మద్ ఏదో దువా గొణుక్కోవడం కూడా వినపడింది.

గోపీ ఇంకో ఇద్దరూ గడపారలు వేశారు. రాయి ఒరగలేదు. పైకి మోకాలెత్తే, లోపలికి మనిషి చేయంత దిగి ఉంది. ముగ్గురు మగవాళ్ళు ముక్కి మూలిగి పక్కకు వాల్చేసరికి గంట పట్టింది. దీన్ని ఒక పచ్చి బాలింత ఎలా నిలబెడుతుంది, ఒక బక్కపలచటి గొర్రెలాయన రాత్రికి రాత్రి ఎలా నిలబెడతాడు, అని ఆమె గుంత అంచున నిలబడి చూస్తూనే ఉంది. రాయి కింది మట్టి కూడా కొత్త గుడికి తీసుకుపోవాలని గోపి పార అందుకున్నాడు. అప్పుడు ఆమె నోట్లోంచి మాట తన్నుకొచ్చింది.

"మగోళ్ళు ముట్టగూడదు. ఆ మట్టి కడుపుకోత పడిన ఆడది తియ్యాల, చేతుల్తో. తీసేంతవరకు ఎవురూ ఇటు చూడగూడదు."

అలాంటి నియమం ఏదీ లేదు. అప్పటికప్పుడు పుట్టింది. లక్ష్మీనరసమ్మ నాగమ్మ ముఖం చూసింది. నాగమ్మ కనురెప్ప ఆర్పకుండా, "అవును, మా అత్త గూడా ఇదే మాట చెప్తాండె" అంది. యాభైమందీ వెనక్కి తిరిగారు. ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఇంత తేలికా ఇది, అని ఆమెకు భయం వేసింది.

గుంతలోకి దిగి మోకాళ్ళ మీద కూర్చుంది. మట్టి చల్లగా ఉంది. జానెడు లోతున చేతికి నల్లగాజు ముక్క తగిలింది. ఆ రోజు తన చేతి గాజు తీసి బిడ్డ పక్కన పెట్టిన సంగతే మరచిపోయింది, కళ్ళు మూసుకుని కూడా అదొక్కటి పెట్టిందన్నమాట. దాని చుట్టూ మట్టి రంగు కొంచెం వేరుగా ఉంది, సున్నపు మరకలాగా, వేళ్ళ మధ్య పొడి అయిపోయే నాలుగు తెల్లని పుల్లలు. అంతే మిగిలింది. కొంగు పరిచి, ఆ మట్టినంతా రెండు దోసిళ్ళతో ఎత్తి పోసుకుంది. ఇంక కప్పేసి లేవాలి. అరచేయి మట్టి మీద ఆనించి లేవబోతే, కింద గుండ్రంగా ఏదో తగిలింది.

కుండ. లోపల నలుపు, పైన ఎరుపు, అలాంటి కుండ ఆమె ఏ కుమ్మరి దగ్గరా చూడలేదు. మూతి మీద పలక రాయి. పలక జరిపి చేయి పెట్టింది. వేళ్ళకు ఎముకలు తగిలాయి, గట్టివి, బాగా పాతవి, చాలా చిన్నవి. చూపుడువేలు అంత లేని చేయి ఒకటి. లక్ష్మీనరసమ్మ ఆ చేతిని పట్టుకుంది. ఎవరమ్మా నువ్వు, మీ అమ్మ ఎవరు, అని లోపల అడిగింది. ఆ తల్లి కూడా బిడ్డను ఇంటికి తీసుకుపోలేదు. రాయి నిలబెట్టి, పాలు పిండుకుని, ఎవరికీ చెప్పకుండా మందతో పాటు వెళ్ళిపోయింది. కుండను మెల్లగా కదిలించి, రెండు చేతులతో ఎత్తి, కొంగులో తన మట్టి పక్కన పెట్టుకుంది. ఇద్దరూ కలిసి ఒక బిడ్డంత బరువు లేరు.

కుండ లేచిన చోట మట్టి ఇంకా మెత్తగా ఉంది. ఈ గుట్టలో జానెడు తవ్వితే రాయి పడాలి, గడపారలు వంగిపోయే గుట్ట ఇది. ఆమె చేయి మోచేతి దాకా దిగింది. వేలికొనలకు ఇంకో కుండ అంచు తగిలింది.

"వదినా, అయిందా?" నాగమ్మ గొంతు, వెనక్కి తిరగకుండానే. ప్రసూన మాత్రం తల సగం తిప్పింది, కడుపు పట్టుకుని. "అత్తా, ఏమైనా ఉందా ఆడ?"

"తిరగాకు ప్రసూనా." గొంతు తనది కానట్టుంది. "ఎవురూ తిరగాకండి. ఇంగా కాల్యా." అని లక్ష్మీనరసమ్మ రెండో చేయి కూడా లోపలికి దింపింది.